కొత్త సౌండు బాక్సులు

మల్లీశ్వరి ఎడమచేత్తో పట్టుపోగు వదులుతూ, కుడిచేత్తో రాట్నం తిప్పుతూ కండెలు చుడుతోంది. మొగుడు జయరాం, నేసిన చీర అప్పగించడానికి షావుకారు దగ్గరికి పోయాడు. మగ్గం ఊరకుంది. ఆ ఇంట్లో మగ్గం ఊరకుంటేనే పాట.

కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె విన్నది చినిగిన స్పీకర్ల టేపురికార్డరే. ఎవరు పాడినా జలుబు చేసినవాళ్లు పాడినట్టుండేది. నిన్ననే జయరాం వాటిని తీసేసి, అనంతపురం నుంచి తెచ్చిన రెండు చెక్క బాక్సులు తగిలించాడు. ఈరోజు అవే పాటలు ఉతికి ఆరేసినట్టున్నాయి. పాడే ఆమె పెదవులు విడివడే చప్పుడు కూడా తెలుస్తోంది. వేణువు ఊదేవాడు ఊపిరి పీల్చుకుంటే మల్లీశ్వరి చేయి రాట్నం మీద ఆగిపోయింది. వాడికీ ఊపిరి ఉంటుందని ఇన్నేళ్లూ ఆమెకు తోచనే లేదు.

పక్కింటి తిరుపాలమ్మ వచ్చి గడపలో నిలబడింది. ఒంటరి ముసలామె. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ.

"ఏమే మల్లీ, ఇంట్లోకి పాటకత్తెను తెచ్చి పెట్టుకున్యావా? నా గోడ గూడా ఎగురుతాండాది."

"తగ్గించేదా అవ్వా?"

"వద్దులే. ఈ చెవిటిదానికి గూడా ఇనబడతాండాది, అదే చాలు." అవ్వ ఎదమీద చేయి పెట్టుకుంది. "ఈడ పట్టినట్టుండాది. పోయి పండుకుంటా. ఇంత సంగటి తెచ్చియ్యి, పొయ్యి ముట్టించే ఓపిక లేదు."

"ఇప్పుడే తెస్తా, పో."

సంగటి అయ్యింది. ముద్ద గిన్నెలో పెట్టి మూత కూడా వేసింది. అంతలో క్యాసెట్టు ఒకవైపు అయిపోయింది. రెండోవైపు మొదటి పాటంటే ఆమెకు ప్రాణం. అదొక్కటీ విని పోదామని కూర్చుంది.

పాట నడుమ డోలు వినిపించింది. దూరంగా, మెత్తగా, మూడు దెబ్బలు. ఆగి మళ్లీ రెండు. పాత స్పీకర్లలో ఎన్నడూ లేని డోలు. ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందోనని నవ్వుకుంది. ఇంకా బాగా వినబడాలని లేచి సౌండు పెంచింది. పాట అయిపోకముందే డోలు ఆగిపోయింది. వాయించేవాడికి చేయి నొప్పి పుట్టిందేమో అనుకుంది. ఆ పాటా, దాని తరువాతి పాటా విన్నాకే గిన్నె తీసుకుని లేచింది.

తిరుపాలమ్మ కూర్చున్నది కూర్చున్నట్టే గోడకు ఒరిగిపోయి ఉంది. "అవ్వా" అని భుజం పట్టుకుంటే తల వాలిపోయింది. ఆ తల పక్కన గోడకు పెచ్చులు లేచి, లోపలి ఎర్రమన్ను కనబడుతోంది. రాలిన పొడి ఇంకా ఆమె చేతిమీదే ఉంది. గోడ అవతల పాట సాగుతూనే ఉంది. ఇటువైపు నుంచి వింటే అందులో రాగమూ లేదు, మాటా లేదు, ఉత్త దడదడ.

తను విన్న ఆ పాటలో డోలు లేదు.

మల్లీశ్వరి పరుగెత్తి పోయి ముందు టేపు ఆపింది. ఆ తరువాతే కేక వేసింది. నీళ్ల ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లందరూ వచ్చారు.

పొద్దువాలే వేళకు ముదిగుబ్బ నుంచి అవ్వ తమ్ముడి కొడుకు తిప్పన్న దిగాడు.

"ఈయమ్మే అన్నా, కడుపున పుట్టినదానికంటే ఎక్కువగా చూసుకున్యాది," అంది ఒకామె మల్లీశ్వరిని చూపించి. "సంగటి గూడా తెచ్చి పెట్టినాది, అదో చూడు."

తిప్పన్న చేతులు జోడించాడు. "పాటలు ఇనుకుంటా పోయినాదంట గదమ్మా. అట్లాంటి సావు ఎవరికొస్తాది?"

అప్పటికి ఇల్లు చేరిన జయరాం పెళ్లాం వైపు గర్వంగా చూశాడు. మల్లీశ్వరి నోరు తెరిచింది. చెప్పాలనే తెరిచింది. అందరూ మెచ్చుకోలుగా తన ముఖంలోకే చూస్తున్నారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని, ఇందాక మెచ్చుకున్నామె వీపు నిమిరింది. ఆ చేయి ఉన్నంతసేపూ మల్లీశ్వరి ఒళ్లు ముడుచుకుపోతూనే ఉంది.

శవాన్ని లేపుతుంటే చీర మడతలోంచి ఏదో జారి పడింది. ఎవరూ పట్టించుకోలేదు. అందరూ బయటికి నడిచాక గోడవార అదొక్కటే మిగిలింది. అవ్వ ఆకువక్క దంచుకునే చిన్న ఇనుప రోకలి. దాని మొనకంతా గోడసున్నం.