పటం కట్టించిన పన్ను రసీదు

ఒక మనిషి ఒకే పూటలో ఇద్దరు కాగలడా అన్న అనుమానం సిలార్‌ను కొన్నేళ్లుగా వదలలేదు. నమాజుకు నిలబడ్డప్పుడు కూడా అదే. దేవుడి ముందు నిలబడింది కంట్రాక్టరా, కూలివాడా? ఆయనకు తెలియకపోదు. తనకే తెలియడం లేదు.

ఈ అనుమానం పెట్టిన పుణ్యాత్ముడు భవానీప్రసాద్. జగ్గయ్యపేట పక్కన సున్నపురాయి క్వారీ, రెండు బట్టీలు ఆయనవి. క్వారీ నుంచి బట్టీకి రాయి తోలే బండ్లవాళ్లను ఒక ఏడు ఆయన పిలిపించి, కాగితాల మీద సంతకాలూ వేలిముద్రలూ తీసుకున్నాడు. ఆనాటి నుంచి వాళ్లు కూలివాళ్లు కారట, స్వతంత్ర కంట్రాక్టర్లట. బండి వాళ్లది, ఎద్దులు వాళ్లవి, దెబ్బ తగిలితే ఆ దెబ్బా వాళ్లదే. మిగిలినవన్నీ ఆయనవి. పొద్దున కొట్టే గంట ఆయనది, గంట దాటితే వేసే జరిమానా ఆయనది, ఇంకొకరి రాయి తోలితే బండిని గేటు దగ్గర ఆపేసే హక్కూ ఆయనదే. ఇంత స్వాతంత్ర్యం ఇచ్చిన గుర్తుగా ఒక్కొక్కరినీ ‘గారు’ అని పిలిచాడు. ఆ మాటకు ఆయనకు పైసా ఖర్చు కాలేదు.

తక్కిన బండ్లవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. సిలార్ నవ్వలేదు. ఐదో తరగతి దాకా చదివిన తనకు ఈ గౌరవం ఆలస్యంగానైనా వచ్చిందనుకున్నాడు. కంట్రాక్టర్లయ్యారు కనుక వృత్తి పన్ను కట్టాలని పంచాయతీ బిల్లు కలెక్టరు వచ్చినప్పుడు అందరూ తిట్టుకుంటూ వాయిదాలు వేశారు. సిలార్ అడిగిన రోజే కట్టాడు. రసీదు మీద ‘షేక్ సిలార్, కంట్రాక్టరు’ అని ఉంది. దాన్ని బజారుకు తీసుకుపోయి, పటం కట్టించి తెచ్చి గోడకు తగిలించాడు.

భార్య జైనాబీ దాన్ని ఆ చివర నుంచి ఈ చివరి దాకా చూసింది. “ముల్లుగర్రకు పటం కట్టించుకున్న ఎద్దును ఇప్పుడే చూస్తున్నా” అని వంటింట్లోకి పోయింది.

అలా ఉండగా స్తెఫనుకు కాలు పోయింది. అతనూ క్వారీ బండివాడే. లారీ అంత ఎత్తున పేర్చిన కుప్ప మీద నుంచి రాయి దొర్లి మోకాలు నుజ్జయింది. ఇక బండెక్కే కాలు కాదని ఆస్పత్రిలో చెప్పారు. భవానీప్రసాద్ ఆస్పత్రికి ఒక డజను అరటిపళ్లు పంపాడు, వాటితోపాటు కంట్రాక్టర్ల కష్టనష్టాలు కంట్రాక్టర్లవేనన్న కబురూ పంపాడు. స్తెఫను భార్య కృపావతి కాళ్లరిగేలా తిరిగి అర్జీ పెట్టించింది. పరిహారాల అధికారి నందిగామ వచ్చి విచారిస్తాడన్నారు. స్తెఫను కూలివాడని తేలితే యజమాని పరిహారం ఇవ్వాలి. కంట్రాక్టరని తేలితే ఆ అరటిపళ్లే పరిహారం.

విచారణకు ముందు భవానీప్రసాద్ సిలార్ ఇంటికి స్వయంగా వచ్చాడు. నులకమంచం వేస్తే కూర్చోలేదు. గోడ మీద పటం చూసి మాత్రం ఆయన మొహం వెలిగింది.

“అబద్ధం చెప్పమనడానికి రాలేదు సిలారు గారూ. మీరు కంట్రాక్టరని మీ గోడే చెబుతోంది. ఆ మాటే నందిగామలో చెప్పండి, చాలు.”

నిజమే చెప్పమంటున్నాడు. నిజం చెప్పి కూడా ఒకడి కూడు తీయొచ్చా అని సిలార్ తనను తానే అడిగాడు. విచారణ రోజున పటం పట్టుకుని బస్సెక్కాడు. భవానీప్రసాద్ ముందు సీట్లో, సిలార్ వెనక సీట్లో. పక్కనున్న ముసలమ్మ అతని ఒళ్లోని పటం దేవుడిదనుకుని చెప్పులు విడిచి కూర్చుంది. పన్ను రసీదని తెలిశాక మళ్లీ తొడుక్కుంది.

నందిగామలో భవానీప్రసాద్ వకీలు పటాన్ని రెండు చేతులతో ఎత్తి అధికారికి చూపించాడు. తాను కంట్రాక్టరని నమ్మనివాడు ఇంత ముచ్చటగా పటం కట్టించుకుంటాడా, ఇతనూ ఆ స్తెఫనూ ఒకే కాగితం మీద సంతకం చేసినవాళ్లు కారా అని అడిగాడు. సిలార్ ఔనండి అన్నాడు. భవానీప్రసాద్ కాలు మీద కాలు వేసుకున్నాడు.

అధికారి ఒక్క సంగతి అడిగాడు. రాలేని రోజున బండితో ఇంకొకరిని పంపవచ్చా?

సిలార్ స్తెఫను వైపు చూశాడు. స్తెఫను నేల చూపులు చూస్తున్నాడు.

“మా అమ్మ పోతే మన్నిచ్చిన రోజున మా తమ్ముణ్ణి పంపానండి. బండి నాదే, ఎద్దులూ నావే. గేటు కాడే ఆపేసి నాకు జరిమానా ఏశారండి.”

“అదంతా అనవసరం. నువ్వు కంట్రాక్టరువా కాదా?” అన్నాడు వకీలు.

“పన్ను కట్టే రోజు కంట్రాక్టర్నండి. గంట మోగాక కూలోణ్ణి. కన్నతల్లికి మన్నెయ్యడానికి సెలవడుక్కునేవోణ్ణి ఏమంటారో చదువుకున్నోళ్లు మీరే చెప్పాలండి.”

భవానీప్రసాద్ కాలు దించాడు. “ఏరా సిలారూ, ఇందుకేనా నిన్ను బస్సు చార్జీ పెట్టి తెచ్చింది?”

ఇన్నేళ్ల ‘గారు’ అంత సులువుగా రాలిపోయింది. అధికారి తలెత్తకుండా ఆ మాట కూడా రాసుకున్నాడు. పటం వకీలు బల్ల మీదే ఉండిపోయింది. సిలార్ అడగలేదు.

కొన్నాళ్లకు స్తెఫనుకు పరిహారం ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. అది రాకముందే సిలార్ బండికి క్వారీ గేటు మూసేశారు. అతను రైతుల ఎరువు తోలుకుంటున్నాడు. నమాజుకు నిలబడితే ఇప్పుడు తనెవరో వెతుక్కోవడం లేదు. ఆ మాత్రం తేలడానికి స్తెఫను కాలు పోవాల్సి వచ్చిందేం దేవుడా అని మాత్రం అడుగుతుంటాడు.

ఒక సాయంత్రం కుంచెడు ఉలవలు మూటగట్టుకుని స్తెఫను ఇంటికి వెళ్లాడు. వానలు లేని ఒక ఏడు తన ఎద్దులకు దాణా లేక స్తెఫను దగ్గర బదులు తెచ్చుకున్నవి. తిరిగిస్తానని వెళ్లినప్పుడల్లా, కంట్రాక్టరు గారి ఉలవలు తింటే మా ఎద్దులకీ పన్నేస్తారు, వద్దులే అని స్తెఫను వెనక్కి పంపేవాడు.

ఈసారి మూట చూసి కర్ర సాయంతో లేచి కూర్చున్నాడు.

“కృపా, కుంచం తే. సిలారు బావ కొలుస్తాడంట.”

సిలార్ కుంచం మీదికి కొప్పుగా పోశాడు. కృపావతి అరచేత్తో కుంచాన్ని అంచుకు సమంగా గీసి, మిగిలిన గింజలు అతని గుడ్డలోనే వేసింది.