అయిదూ పది బండికి నాలుగు వందల బిందెలు

ఎల్లమ్మ కింద పడ్డా టెంపో ఆగలేదు. జరిగిన అన్యాయమంతా ఈ ఒక్క మాటలో ఉంది. మిగతాదంతా మేస్త్రీ నాగరాజ్ ఆ తర్వాత అల్లుకున్న కథ.

కాడుగోడి ఇంకా మూడు కిలోమీటర్లుందనగా మలుపులో టెంపో వెనక తలుపు గొలుసు ఊడింది. సందు లేకుండా నిలబడ్డ నలభై మందిలో అందరికన్నా వెనకున్నది ఎల్లమ్మ. ఆమె చెయ్యి పక్కనున్న తోటి కూలి పుష్పావతి చేతిలోనే ఉంది, చెమటకు జారిపోయింది. పుష్పావతి కేబిన్ మీద రెండు చేతులా బాదింది. డ్రైవరుకు వినపడకపోలేదు. ఏడింటికి స్లాబు పోయాలి, ఆలస్యమైతే నాగరాజ్ తనను పీకేస్తాడు, అందుకని వినపడనట్టే తోలాడు. ఎల్లమ్మను వెనక వస్తున్న పాలవాళ్ళు ఆస్పత్రిలో చేర్చారు. కాలు రెండు చోట్ల విరిగింది. సరిగ్గా పట్టుకోక పడింది, అందులో తన తప్పేముందని నాగరాజ్ సైటు దగ్గర అందరితో అన్నాడు. పుష్పావతి ఆ రోజు సాయంత్రం దాకా టైల్స్ మోసింది. మోస్తున్నంతసేపూ ఆ జారిన చెయ్యే గుర్తొచ్చింది.

సీగెహట్టి అనే ఊరు ఉందని బెంగళూరుకు తెలియదు. కాడుగోడి దాటి ఇరవై కిలోమీటర్లు. నగరంలో అద్దెలు మోయలేక వచ్చిన కదిరివాళ్ళు, పలమనేరువాళ్ళు, ఎప్పట్నుంచో ఇక్కడే పాతుకుపోయిన తెలుగువాళ్ళు, అందరూ కలిసి పెంచిన ఊరది. మారతహళ్ళి అపార్టుమెంట్లకు ఇటుక పేర్చేది వీళ్ళే, వాటిలో గిన్నెలు తోమేదీ వీళ్ళే. పొద్దున అయిదూ పదికి ఒక్క ప్యాసింజరు బండి ఇక్కడి హాల్టు స్టేషనులో ఒక్క నిమిషం ఆగుతుంది. అది వచ్చేటప్పటికే నిండి ఉంటుంది. ఎక్కగలిగినవాళ్ళు ఎక్కుతారు, ఎక్కలేనివాళ్ళు నాగరాజ్ టెంపోల్లో పోతారు. పని ఇచ్చేది అతనే, టెంపోలూ అతనివే. రానని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

ఇంతలో కాడుగోడి దాకా కొత్తగా లోకల్ రైళ్ళు వేస్తారనీ, జనం ఉంటే వాటిని సీగెహట్టి వరకూ పొడిగిస్తారనీ కబురొచ్చింది. జనం ఉన్నారో లేరో తేల్చడానికి మూడు రోజుల సర్వే. పుష్పావతికి ఈ కబురుతో ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆమె కూతురు శైలజకు మారతహళ్ళి పీజీ హాస్టల్లో వంటపని దొరికింది, ఒకటో తారీఖు నుంచి చేరాలి. రైలు రాకుంటే, ఎల్లమ్మ పడిపోవడం కళ్ళెదుటే చూసిన ఆ తల్లి కన్నబిడ్డను అదే టెంపో ఎక్కించాలి.

సర్వే అధికారి అమరనాథ్ మొదటి రోజు కారులో పది గంటలకు హాల్టుకు వచ్చాడు. అప్పటికి ఊళ్ళో పనిచేసేవాడన్నవాడు ఎవడు మిగిలాడు? సాయంత్రం అయిదు దాకా కూర్చుని పదకొండు మందిని రాసుకున్నాడు. ఆ పదకొండు మందిలో ఒకడు మునిస్వామి. ముప్పై ఏళ్ళు ఇదే లైనులో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన ముసలాయన, కాలక్షేపానికి వచ్చి బెంచీ మీద కూర్చున్నవాడు. తెల్లారుజామున నాలుగున్నరకు వచ్చి చూడండి సార్ అని ఆయన బతిమాలాడు. అమరనాథ్ విసుక్కోలేదు పాపం, మర్యాదగానే చెప్పాడు. సర్వే వేళలు పైనుంచి వస్తాయట, చేతిలోని ట్యాబు పదికి ముందు పనిచేయదట.

ఆ సాయంత్రం నీళ్ళ ట్యాంకరు ఆగే చోట అందరూ చేరారు. రేపు ఒక్కరూ పనికి పోకుండా పదింటికి ప్లాట్‌ఫారం నింపుదామంది కెంపమ్మ. నాలుగిళ్ళలో పనిచేసే కెంపమ్మకు ఎవరన్నా భయం లేదు. పోకపోతే నాగరాజ్ ఎల్లుండికల్లా వేరేవాళ్ళను దించుతాడు, అప్పుడు రైలొచ్చి ఎవర్ని ఎక్కించుకుంటుందని తాపీవాళ్ళు ఎదురు తిరిగారు. మాటా మాటా పెరిగింది. నువ్వు నాగరాజ్ మనిషివంటే నువ్వని తిట్టుకునే దాకా వచ్చింది. పుష్పావతి మాత్రం ట్యాంకరు కోసం వరసలో పెట్టిన బిందెల వైపు చూస్తూ ఉండిపోయింది.

"ట్యాంకరు కాడ మనం నిలబడతా ఉండామా?" అంది ఉన్నట్టుండి. "బిందె నిలబడతా ఉండాది. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. ఒకరి బిందె ఇంకొకరు జరపరు. రేపు బండెక్కే ముందు మనిషికొక బిందె హాల్టు కాడ పెట్టి పోదాం. పనీ పోదు, సారు లెక్కా తప్పదు."

జనం పకపకా నవ్వారు. నవ్వుతూనే గోళ్ళ రంగు సీసాలు తెచ్చి బిందెల మీద పేర్లు రాయడం మొదలుపెట్టారు.

మర్నాడు అయిదూ పది బండి కదిలాక హాల్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా బిందెలే. ఎర్రవి, పచ్చవి, నీలివి, నాలుగు వందల చిల్లర. కాపలాకు పుష్పావతి, మునిస్వామి మిగిలారు. పదింటికి అమరనాథ్ వచ్చి ఇవేమిటన్నాడు. మునిస్వామి వివరంగా చెప్పాడు. సర్వేలో మనుషులను రాస్తాం గానీ సామాను రాయం అన్నాడు అధికారి. ఈలోగా నాగరాజ్ ఎక్కడ విన్నాడో గానీ, ప్లాట్‌ఫారానికి అడ్డం పెట్టారని రైల్వే పోలీసులకు ఫోన్ చేశాడు. వాళ్ళు లారీతో దిగి బిందెలు విసిరి లోపల పడేశారు. మునిస్వామి లారీకి అడ్డంగా పడుకుంటే ఎత్తి జీపులో వేశారు.

బిందెలు కావాలంటే కాడుగోడి రైల్వే పోలీసు ఔట్‌పోస్టుకు రావాలన్నాడు ఇన్‌స్పెక్టరు. ఎవరి బిందెకు వాళ్ళే రావాలి, ఆధార్ కార్డు చూపాలి, పుస్తకంలో పేరు, ఊరు, బిందె అక్కడ పెట్టిన కారణం రాయించి సంతకం పెట్టాలి. వాళ్ళను నాలుగు రోజులు తిప్పించాలని ఆయన ఉద్దేశం. జీపులో ఉన్న మునిస్వామి అది విని పుష్పావతిని దగ్గరకు రమ్మన్నాడు.

"విన్యావా తల్లీ? నా సర్వీసంతా చూసినా. రైల్వే పుస్తకంలో ఎక్కింది ఎవురూ తుడపలేరు. పోయి అందరూ ఎక్కండి."

ఆ మాట పుష్పావతికి అప్పుడు బుర్రకెక్కలేదు. సాయంత్రం జనం తిరిగొచ్చేసరికి ట్యాంకరు వచ్చి నిలబడింది, పట్టడానికి ఊళ్ళో బిందెలు లేవు. నీళ్ళు పోయకుండానే ట్యాంకరు పోయింది. కెంపమ్మ పుష్పావతి ముఖం మీదే అడిగింది, నీ మాట విని బిందెలు పెడితిమి, రేపు పిల్లోళ్ళకు నీళ్ళు యాడివి అని. పుష్పావతి అందరి ముందూ ఏడ్చేసింది. ఏడుస్తూనే ఇన్‌స్పెక్టరు చెప్పింది మళ్ళీ చెప్పుకొచ్చింది, పేరు రాయాలట, ఊరు రాయాలట, బిందె అక్కడ ఎందుకు పెట్టారో రాయాలట అని. చెప్పేదల్లా సగంలో ఆగింది. మునిస్వామి మాట అప్పుడు అర్థమైంది ఆమెకు. రేపు అందరూ పోయి ఆ పుస్తకంలో పేర్లు ఎక్కిస్తే, సర్వే రాయని లెక్క పోలీసులే రాసినట్టవుతుంది.

మూడో రోజు నాగరాజ్ టెంపోలు మూడూ ఊరి మొదట్లో నిలబడ్డాయి. ఈ పొద్దు ఎక్కనివాళ్ళు రేపట్నుంచి రానక్కర్లేదని అతనే వచ్చి చెప్పాడు. ఏడెనిమిది మంది ఎక్కారు, తప్పు పట్టడానికి లేదు, ఆకలి అలాంటిది. వాళ్ళలోంచి ఎల్లమ్మ మొగుడు కాసేపటికి కిందికి దిగాడు. అతని వెనకే మిగిలినవాళ్ళూ దిగారు. అయిదూ పది రైలులో పట్టినవాళ్ళు రైలులో, పట్టనివాళ్ళు రోడ్డెంబడి నడిచి కాడుగోడి చేరారు. ఔట్‌పోస్టు మెట్ల దగ్గర మొదలైన వరస స్టేషను దాటి సంతలోకి పోయింది.

ఇన్‌స్పెక్టరు బయటకొచ్చి చూసి బిత్తరపోయాడు. ఎవరో ఒకరు సంతకం పెట్టి మొత్తం తీసుకుపొమ్మన్నాడు. ఎవరిది వాళ్ళే తీసుకోవాలని మీరే కదా అన్నారు సార్ అంది పుష్పావతి. గత్యంతరం లేక ఇద్దరు కానిస్టేబుళ్ళు రాయడానికి కూర్చున్నారు. పేరు, ఊరు, వస్తువు, అక్కడ వదిలిన కారణం. అయిదూ పది రైలు ఎక్కడానికి నా తావు అని మొదట చెప్పింది పుష్పావతి. రెండో మనిషికి కానిస్టేబుల్ 'పైదే' అని రాయబోతే కెంపమ్మ చెయ్యి అడ్డం పెట్టింది, ఎవరి కారణం వాళ్ళకు పూర్తిగా రాయమంది. రాసిన తర్వాత కూడా ఎవరూ బిందె ముట్టుకోలేదు. సంతకం పెట్టి, అక్కడే నేల మీద కూర్చున్నారు.

మధ్యాహ్నానికి అమరనాథ్ పరుగున వచ్చాడు. ఆ రోజు సీగెహట్టిలో ఆయన ట్యాబులో ఎక్కిన ప్రయాణికులు సున్నా. పుస్తకం తిరగేశాడు. పేజీ తర్వాత పేజీ అదే ఊరు, అదే బండి, వేరువేరు పేర్లు. ఆయన పేజీలు తిప్పడం ఆపాడు.

"సార్," అంది పుష్పావతి, "మీ పుస్తకంలో మేం లేము. ఈ పుస్తకమూ సర్కారుదే, దీంట్లో ఉండాము. రెండూ కలిపి పైకి పంపండి. పంపినట్టు రాసి ఇచ్చేదాకా ఒక్క బిందె కూడా కదలదు."

అలా కుదరదని ఆయన గొణిగాడు. కుదిరేదాకా ఉంటామని వరస మొదటి నుంచి చివరి దాకా మాట పాకింది. స్టేషనులోకి వచ్చిపోయేవాళ్ళు, సంతలో కూరలమ్మేవాళ్ళు ఆగి సంగతేమిటని అడిగారు, కొందరు తమ ఊరికీ రైలు లేదంటూ వచ్చి పక్కన కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరుకు పైనుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఈ గొడవంతా లేపింది ఎవరని కేకేశాడు.

నాలుగు వందల మందీ ఒక్కసారే లేచి నిలబడ్డారు. వాళ్ళందరిలోంచి పుష్పావతి ముందుకొచ్చి నేనే అంది. ఆమెకు భయం వేయలేదని చెబితే అబద్ధం. అయినా ఇద్దరు ఆడ పోలీసులు రెక్క పట్టుకుంటే విదిలించుకోలేదు. తనే నడిచి వ్యానెక్కింది. నిన్నటి నుంచి ఔట్‌పోస్టులోనే ఉంచిన మునిస్వామిని అప్పటికే అందులో ఎక్కించారు, ఆయన పక్కకు జరిగి చోటిచ్చాడు.

వ్యాను కదిలే ముందు ఆమె కిటికీ జాలీలోంచి చూసింది. రాత బల్ల ముందుకు శైలజ వచ్చి నిలబడింది. బిందె ఏదని కానిస్టేబుల్ అడిగాడు. లేదు, నేను ఒకటో తారీఖు నుంచి పనికి పోతానంది ఆ పిల్ల. బిందె లేకుంటే రాయడం కుదరదన్నాడు అతను. వెనకున్న వరస మొత్తం బల్ల చుట్టూ మూగింది. ఆ తోపులాటలో కిందపడ్డ కలం కెంపమ్మ తీసి కానిస్టేబుల్ చేతిలో పెట్టింది.

"రాసుకో అప్పా," అంది శైలజ. "పేరు శైలజ. ఊరు సీగెహట్టి. టెంపో ఎక్కను. రైలు వచ్చేదాకా ఈడనే ఉంటాను."

కానిస్టేబుల్ ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు, జనం వైపు చూశాడు. తర్వాత తల దించుకుని రాశాడు.