సీసం పలక కింది కీళ్లు

ఇరవై రెండేళ్లుగా ఎక్స్‌రేలు తీస్తున్నాను. నా ఫిల్ము బాగా రాలేదని ఇంతవరకు ఏ డాక్టరూ వెనక్కి పంపలేదు. ఆ పొగరే కొంప ముంచింది. నా కొంప కాదు, మా చెల్లెలిది.

చెల్లెలు బ్రెడ్డు తయారుచేసే చోట పిండి కలిపేది. తెల్లవారకముందే డ్యూటీ. ఇరవై నాలుగో ఏట దానికి నడుము కింద, పిరుదుల లోపల నొప్పి మొదలైంది. పొద్దున మంచం దిగడానికి గంట పట్టేది. పడుకుంటే పెరిగేది, నాలుగడుగులు నడిస్తే తగ్గేది. ఎవరి నొప్పయినా పడుకుంటే కదా తగ్గాలి, దీనిది ఇదేం విడ్డూరమని ఇంట్లో అందరికీ అనుమానం.

"లేవడానికి బద్ధకం, తిరగడానికి హుషారు," అనేది అమ్మ.

డాక్టరు కటి భాగానికి ఎక్స్‌రే రాశాడు. నేనే తీశాను. రేపు పిల్లల్ని కనాల్సిన పిల్ల, కిరణాలు తగలకూడదని పొత్తికడుపు మీద సీసం పలక పెట్టాను. మాకు అలాగే నేర్పారు. బయటి ఆడవాళ్లకైతే చిన్నది పెట్టేవాణ్ణి. సొంత చెల్లెలు కదా అని పెద్దది పెట్టాను. వెన్నెముక అడుగున కటి ఎముకలతో కలిసే రెండు కీళ్లూ దాని చాటున పడ్డాయి. తుంటి కీళ్లు మాత్రం చక్కగా వచ్చాయి. డాక్టరు వాటినే చూసి బాగున్నాయన్నాడు. ఫిల్ము మీద పలక పడిన ఆ తెల్లటి మచ్చ వెనక ఏముందో ఎవరికీ తెలియదని, తీసిన నాకు తెలుసు. అయినా ఇంటికొచ్చి, "నా చేత్తో తీశాను, దానికేం లేదు," అన్నాను.

ఇంట్లో నా మాట వేదవాక్కు. అప్పటినుంచి అది మూలిగినప్పుడల్లా అందరూ నా ఫిల్మునే దాని మొహాన కొట్టారు. ఆలస్యంగా వస్తోందని పనిలోంచి తీసేస్తే, వాళ్ల తప్పేముందన్నాను. ఏడేళ్లు గడిచాయి. చివరికి అది మూలగడం కూడా మానేసింది. మాకు హాయిగానే ఉంది.

మొన్న దాని కన్ను ఎర్రబడి కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే, ఇలాంటి ఎరుపు కొన్ని నడుము జబ్బుల్లోనూ వస్తుందని ఆవిడ దాని నడుము సంగతి కూడా అడిగి, మా ఆస్పత్రిలోని కీళ్ల డాక్టరు దగ్గరికి పంపింది. ఆ రోజు నాకు సెలవు. నాతో పనిచేసే ఆవిడ పలక పెట్టకుండా కొత్త ఎక్స్‌రే తీసింది. మర్నాడు డాక్టరు దాన్ని మా ఇద్దరికీ చూపించాడు.

"ఈ రెండుచోట్లా సందు ఉండాలమ్మా. ఎముకలు అతుక్కుపోయాయి, ఇక విడిపోవు. పడుకుంటే పెరిగి నడిస్తే తగ్గే కీళ్లవాపు ఇది; మందులు వాడితే వెన్నులో పైకి పాకకుండా చూడొచ్చు. ముందే వచ్చుంటే బాగుండేది. పాత ఎక్స్‌రే ఏమైనా ఉందా?"

ఉంది. నేనే భద్రంగా దాచాను. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, ఇది తీసిందెవరన్నాడు.

"నేనే సార్."

చెల్లెలు ఫిల్ములోని తెల్లటి మచ్చ మీద వేలు పెట్టింది. "ఇక్కడేం కనబడటం లేదుగా అన్నయ్యా. మరి ఏం లేదని ఎలా చెప్పావు?"

"పలక నీ మంచికే పెట్టానే," అన్నాను. అది అడిగింది పలక గురించి కాదు.

మెడకు కూడా ఎక్స్‌రే కావాలన్నాడు డాక్టరు. మా గదికి తీసుకెళ్లి, బల్ల మీద దుప్పటి సర్దాను. చెల్లెలు నా వైపు చూడలేదు. చీటీని నాతో పనిచేసే ఆవిడ చేతికిచ్చింది.

"మీరే తీయండి మేడమ్. ఆయన్ని కాస్త బయట ఉండమనండి."

ఆవిడ నావైపు చూసింది. నేను బయటికొచ్చి తలుపు వేశాను.