రెండు గోడల మీద ఒకే మొహం

భర్త పోయిన పదకొండో నెలలో, పొద్దున్నే పనికి వెళుతూ, టైలరమ్మ ఆయన్ని బస్సు డిపో గోడ మీద చూసింది.

మనిషంత ఎత్తు పోస్టరు. జిగురు ఇంకా ఆరలేదు, అంచుల వెంట తెల్లగా కారుతోంది. డ్రైవరు చొక్కా, పక్క పాపిడి, ఫొటో తీసేవాడు ఎంత నవ్వమన్నా నవ్వనని బిగించుకున్న పెదాలు. కింద ఎర్రటి అక్షరాల్లో, ఆయనే చెబుతున్నట్టు రాశారు: నన్ను చంపింది చిన్న పార్టీ.

ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయాయి. వెనకనుంచి వచ్చినావిడ భుజం తగిలించి, విసుక్కోబోయి, గోడనీ ఆమెనీ మార్చి మార్చి చూసి పక్కకి తప్పుకుంది.

ఆ పార్టీలకి బారెడు బారెడు పేర్లున్నాయి గాని ఊళ్లో అందరూ పెద్ద పార్టీ, చిన్న పార్టీ అనే అంటారు. టైలరమ్మకీ సొంత పేరుంది. ఇరవై రెండేళ్లుగా ప్రభుత్వాసుపత్రి బట్టల గదిలో చిరిగిన దుప్పట్లూ, ఆపరేషను గౌన్లూ, మంచాల చుట్టూ వేలాడే తెరలూ కుడుతూ కుడుతూ ఆ పేరు ఆమే మర్చిపోయింది.

పోయినసారి ఎన్నికల్లో ఆమె చిన్న పార్టీకి ఓటేసింది. వాళ్ల అభ్యర్థి బట్టల గదిదాకా వచ్చి, "క్యాజువాలిటీ మీద చెయ్యి పడనివ్వం, నాదీ పూచీ" అన్నాడు. ఆ ఒక్క మాటకే వేసింది. భర్త మీసాలు రాకముందునుంచీ పెద్ద పార్టీ మనిషి. తీరా ఓట్లు లెక్కపెడితే ఎవరికీ సీట్లు చాలలేదు. అప్పటిదాకా ఒకళ్లనొకళ్లు దుమ్మెత్తిపోసుకున్న రెండు పార్టీలూ చేతులు కలిపి గద్దెనెక్కాయి.

"ఇదీ మన కాపురం లాంటిదే," అన్నాడాయన ఆ రోజు. "ఒకరు బండి నడుపుతారు. ఇంకొకరు పక్కన కూర్చుని తిడతారు."

ఇద్దరూ నవ్వుకున్నారు. అది ఆరు నెలల ముచ్చట. తర్వాత ఖర్చుల కోత మొదలైంది. బడి బస్సులు తగ్గాయి, గ్రంథాలయం వారానికి రెండు రోజులైంది, ఒక సోమవారం క్యాజువాలిటీకి షట్టరు దించి తాళం వేశారు. ప్రాణం మీదికొస్తే గంట దూరంలో ఉన్న పెద్దాసుపత్రికి పోవాలని కాగితం అంటించారు.

ఆ రోజునుంచి ఇంట్లో పోట్లాటే. ఆయనకి ఒక అలవాటుండేది. వాదన మొదలెట్టే ముందు రెండుసార్లు గొంతు సవరించుకునేవాడు. ఆ చప్పుడు వినగానే ఆమె కుట్టు మిషను తొక్కడం ఆపేసేది.

"మీవాళ్లు సభలో చెయ్యెత్తకపోతే ఆ కోతలు నెగ్గేవా?"

"ఎత్తించింది ఎవరండీ? కత్తెర మీవాళ్లది. మావాళ్లు గుడ్డ పట్టుకున్నారంతే."

"గుడ్డ పట్టుకునేవాళ్లు లేకుండా కత్తెర ఎలా ఆడుతుందో నువ్వే చెప్పాలి. టైలరువి."

ఆమె మళ్లీ మిషను తొక్కడం మొదలెట్టింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఆయన మొదటి షిఫ్టు దిగి వచ్చి, చేతులు కడుక్కుంటూ, కుళాయి కట్టేయకుండానే నేల మీద కూలబడ్డాడు.

అంబులెన్సు ఆసుపత్రి గేటు ముందునుంచే పోవాలి. సరిగ్గా అక్కడే ట్రాఫిక్కులో ఆగింది. కిటికీలోంచి షట్టరూ, తాళమూ, అంటించిన కాగితమూ కనిపించాయి. ఆయన తల కొంచెం ఎత్తి వాటిని చూశాడు. తర్వాత ఆమెని చూశాడు. "నీ వల్లే," అన్నాడు. ఇంకా అరగంట దారి మిగిలి ఉండగానే పోయాడు.

చివర్లో ఏమైనా అన్నాడా అని అడిగినవాళ్లందరికీ ఏమీ అనలేదనే చెప్పింది. అప్పటినుంచి మిషను ముందు కూర్చున్నప్పుడల్లా వెనకాల కుర్చీలోంచి గొంతు సవరింపు వినపడేది. రెండుసార్లు. తిరిగి చూస్తే కుర్చీ ఖాళీ. ఆ రెండు మాటలు ఇంకోసారి అనడానికే వస్తున్నాడనీ, ఎందుకో మింగేసి పోతున్నాడనీ ఆమెకి అనిపించేది.

ఆ పోస్టర్లోని ఫొటో పట్టుకెళ్లింది మరిది. అతనికి ప్రింటింగ్ ప్రెస్సుంది, పెద్ద పార్టీలో పదవీ ఉంది. "పెద్దది చేయిస్తాను వదినా, ఇలా ఇవ్వు," అని కిందటి నెల తీసుకెళ్లాడు. ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాడు.

ఈలోగా పొత్తు తెగింది, మళ్లీ ఎన్నికలు దగ్గర పడ్డాయి. నాలుగు రోజులకి ఎదురుగోడ మీద ఇంకో పోస్టరు వెలిసింది. ఇది చిన్న పార్టీ వాళ్లది. మొహం అదే. డిపో వాళ్ల గ్రూపు ఫొటోలోంచి కత్తిరించినట్టున్నారు, ఆయన భుజం మీద ఎవరిదో చెయ్యి, మణికట్టుదాకా, మిగిలిపోయింది. పెద్ద పార్టీ కోతలకి బలైన కార్మికుడని రాశారు. రోడ్డుకి ఆ పక్క ఆయన, ఈ పక్క ఆయన, మధ్యలోంచి ఆమె నడిచిపోవాలి. తల వంచుకుని నడిచినా నాలుగు కళ్లూ వీపు మీద పాకేవి. రెండు పార్టీల వాళ్లూ సభలో వేదిక మీదికి రమ్మని కబురు చేశారు. ఒంట్లో బాగాలేదంది.

ఆ వారమే పెద్ద సిస్టరు ఆమె చేతికి తాళంచెవి ఇచ్చింది. ప్రసూతి వార్డులో తెరలు చాలడం లేదు, మూసేసిన క్యాజువాలిటీలోవి దింపి, కురచ చేసి కుట్టమంది.

పట్టపగలు పదకొండు గంటలు. లోపల ఎండ పడుతూనే ఉంది. దుమ్ము పట్టిన మంచాలు, ఉత్త పరుపులు, సెలైను స్టాండ్లు. ఆమె స్టూలెక్కి ఒక్కో కొక్కీ విప్పుతూ, తెర మడిచి భుజాన వేసుకుంటూ, చివరి మంచందాకా వచ్చింది. ఆ ఒక్క తెర మంచం చుట్టూ పూర్తిగా లాగి ఉంది.

దాని వెనకాల ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆగి, ఇంకోసారి.

ఆమె భుజాన ఉన్న తెరలు పక్క మంచం మీద పెట్టింది. స్టూలు దిగి నిలబడింది. కిటికీలన్నీ మూసే ఉన్నాయి, అయినా తెర అంచు కొద్దిగా కదులుతోంది.

"ఏమండీ," అంది. "చెప్పండి. ఇవాళ నేను ఎదురు చెప్పను."

ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. తిట్టినా బాగుండును. చివరికి తెర పట్టుకుని ఒక్క లాగు లాగింది. మంచం, పరుపు, అంతే. ఆ తెర దింపడానికి మాత్రం చేతులు రాలేదు. మిగిలినవి బట్టల గదిలో పడేసి, సెలవు చీటీ అయినా రాయకుండా నేరుగా మరిది ప్రెస్సుకి నడిచింది.

మిషన్ల మోతలో మరిది కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"ఆ పోస్టర్లు తీయించు."

"ఎన్నికలు అయ్యేదాకా ఆగు వదినా. అన్నయ్యకి న్యాయం జరగాలా వద్దా? ఆ వార్డు మూయించింది చిన్న పార్టీ మంత్రి. సంతకం వాడిదే."

"సంతకం వాడిదే. చెయ్యి పట్టి పెట్టించింది మీవాళ్లే. ఆ గొడవ మా ఇంట్లో నువ్వు విననిది కాదు." ఆమె ఇంకో అడుగు ముందుకేసింది. "నువ్వు రాసింది అబద్ధమని నేననడంలేదు. మీ అన్నయ్య ఇంచుమించు ఆ మాటే అన్నాడు. షట్టరు చూసి, నన్ను చూసి, 'నీ వల్లే' అన్నాడు. అన్నది నాతో. ఊరందరితో కాదు. తీసెయ్యి."

మరిది లేచి వెళ్లి మిషను ఆపేశాడు. తిరిగొచ్చి చాలాసేపు చేతికంటిన సిరా తుడుచుకున్నాడు.

"నీకో సంగతి చెప్పలేదు వదినా. అన్నయ్య పోయినసారి చిన్న పార్టీకే వేశాడు."

"ఎవరు చెప్పారు?"

"తనే. ఓట్లు లెక్కపెట్టిన రోజు. 'మీ వదిన ఇన్నేళ్లుగా ఆ ఆసుపత్రి దుప్పట్లు కుడుతోంది, తనకి తెలిసినంత మనకి తెలుసా, అందుకే వేసేశా' అన్నాడు. 'తనకి మాత్రం చెప్పకు, నా నెత్తినెక్కి కూర్చుంటుంది' అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పార్టీ మనిషిని, సొంత అన్న ఓటు నిలబెట్టుకోలేకపోయాను. ఎవరికీ చెప్పలేదు."

టైలరమ్మ అప్పుడు కూర్చుంది. నీ వల్లే. గుడ్డ తిరగేసి చూసినట్టు ఆ మాటని అటు తిప్పింది, ఇటు తిప్పింది. నీ వల్లే ఇలా చస్తున్నాననా? నీ వల్లే వేశాననా, నిన్ను నమ్మి వేశాననా? అన్నాళ్లూ ఆయన పోట్లాడింది ఆమెతోనా, తను వేసిన ఓటుతోనా? ఒక్కమాట ముందు చెప్పి ఉంటే ఆమె నిజంగానే నెత్తినెక్కి కూర్చునేది, ఆయన నవ్వేవాడు. ఏ వైపు తిప్పినా కుట్టు కనపడలేదు. అడగడానికి మనిషి లేడు.

"నువ్వా ముక్క ముందే చెప్పి ఉంటే..." అని ఆపేసింది. మరిది మొహం చూశాక నింద వేయబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం ఇద్దరూ బకెట్టూ అట్లకాడా పట్టుకుని డిపో గోడ దగ్గరికెళ్లారు. తడిపితే నుదురు వచ్చింది, చెంపలు వచ్చాయి, కళ్ల దగ్గర జిగురు గట్టిపడిపోయి కాగితం రాలేదు. మరిది గోరు పెట్టి గీకుతూ గీకుతూ గోడకి నుదురు ఆనించి ఏడ్చాడు. ఆమె అతని వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. చిన్న పార్టీ ఆఫీసుకి కూడా వెళ్లి అడిగితే వాళ్లు సణుక్కుంటూనే తమది దింపారు.

ఎన్నికల రోజు ఓట్ల వరసలో ముందున్నావిడ ఆమెని గుర్తుపట్టింది. "పోస్టర్లో ఆయన మీ ఆయనే కదూ? ఇంతకీ తప్పు ఎవరిదమ్మా?"

"ఆయన్నే అడుగుతున్నాను," అంది టైలరమ్మ. ఆవిడ మళ్లీ వెనక్కి తిరగలేదు.

ఓటు వేసే అట్ట చాటున ఎంతసేపు నిలబడిపోయిందో, లోపల కూర్చున్న ఉద్యోగి "అమ్మా, అయిందా?" అని రెండుసార్లు పిలిచాడు. వేసే వచ్చింది. ఎవరికో మరిది అడగలేదు. అతను ఆ రోజు పార్టీ బల్ల దగ్గర కూర్చోలేదు, ఆమెతోపాటు ఇంటిదాకా నడిచాడు.

ఈసారీ ఎవరికీ చాలలేదు. పదిహేను రోజులకి ఆ రెండు పార్టీలే మళ్లీ కలిశాయి. క్యాజువాలిటీ షట్టరుకి కొత్త రంగు వేశారు, తాళం తీయలేదు.

పై వాటాలోకి కొత్తగా ఒక జంట అద్దెకి దిగింది. ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ల మాటలు కిందికి స్పష్టంగా వినపడ్డాయి. నువ్వు వేసినవాళ్లే కలిశారుగా అని అతను, కలుపుకున్నది మీవాళ్లు కాదా అని ఆమె. గొంతులు పెరిగాయి. ఏదో గిన్నె దబ్బున పెట్టిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

టైలరమ్మ సూది కింద గుడ్డ వదిలేసి మెట్లదాకా వచ్చింది. రెయిలింగు పట్టుకుని పైకి చూస్తూ నిలబడింది. ఇద్దరిలో ఎవరో ఒకరు మళ్లీ మాట్లాడేదాకా ఆమె అక్కడినుంచి కదలలేకపోయింది.