వరస కలవని టీచరమ్మ

ఫ్రెంచివాళ్ళు సర్దుకుని వెళ్ళిపోయి, ఇక ఢిల్లీ చట్టాలే ఇక్కడా చెల్లుతాయని కాగితాల మీద కూడా ఖాయమైన కొత్తలో, ఈ తమిళ ఊళ్ళో ఉప్పళం పేటలోని ఒక సర్కారు బడికి నాగకుమారి తెలుగు టీచరుగా వచ్చింది. ఉద్యోగం తాత్కాలికం. ఆమెది యానాం. మొగుడు బాపిరాజు ఒకప్పటి ఫ్రెంచివాళ్ళ పేట వైట్ టౌన్‌లో గుమాస్తా కాబట్టి ఈ ఊరు చేరింది.

హెడ్మాస్టరు త్యాగరాజన్ మొదటి రోజే సంగతి విడమరిచి చెప్పాడు. ఒక తరగతిలో పదిమంది పిల్లల ఇంటి భాష ఒకటే అయితే వాళ్ళకు ఆ భాష నేర్పించాలని రూలు. తక్కువమంది మాట్లాడే భాష కదా అని తోసిపారేయకూడదని పెద్ద కోర్టు కూడా అన్నదట. అయితే ఆ పదిమందినీ ఇన్స్పెక్టరు స్వయంగా చూసి, వాళ్ళ మాట విని సంతకం పెట్టాలి. పెట్టకపోతే తరగతి ఎత్తేస్తారు.

తరగతి ఎత్తేస్తే నాగకుమారి ఉద్యోగం పోతుంది. దానికి ఆమె అంత బాధపడేది కాదు. కూతురు చిన్నమ్మాయిదీ ఆ తరగతే. కన్నకూతురు తెలుగు అక్షరం ముక్క రాకుండా పెరుగుతుందేమోనన్న దిగులే ఆమెను నిద్రపోనివ్వలేదు.

అందుకే కాళ్ళరిగేలా తిరిగింది. ఉప్పళంలోనూ, అటు మురుంగపాక్కంలోనూ ఎన్నో తరాల కిందట వచ్చి సేద్యం పట్టుకుని నిలిచిపోయిన తెలుగు కుటుంబాలున్నాయి. ఇంట్లో అందరిదీ తెలుగే, చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. వాళ్ళ పిల్లల్ని బతిమాలి పోగేసి, తన కూతురితో కలిపి సరిగ్గా పదిమందిని చేసింది. ఒక్కరు తగ్గినా అంతే సంగతులు.

పట్టుదల ఉంది గాని, మనిషికి కాస్త బిగువు ఎక్కువ. ఏ ఇంటికి వెళ్ళినా గడప అవతలే నిలబడేది. కూర్చోమంటే, బడి పని మీద వచ్చాను, మరోసారి చూద్దాం అనేది. తరగతిలో, ఆ ఇళ్ళలో ఒకదాని పెద్ద రంగమ్మాళ్ అవ్వ మనవరాలు ధనభాగ్యం ఒకరోజు నోరుజారి "యాడ" అంటే, అలా అనకూడదు, "ఎక్కడ" అనాలని దిద్దింది. ఆ తర్వాత పిల్లలు ఆమెతో తమిళంలోనే మాట్లాడసాగారు. బడి అలవాటు కాబోలు, మెల్లగా మారతారులే అనుకుంది.

తనిఖీకి వచ్చిన ఇన్స్పెక్టరు పురుషోత్తమన్ తమిళుడే అయినా నెల్లూరులో పనిచేసి వచ్చినవాడు, తెలుగు బాగానే వచ్చు. ఒక్కొక్కరినీ లేపి మీ ఇంట్లో ఏం భాష మాట్లాడతారని తెలుగులో అడిగాడు. పిల్లలు చేతులు కట్టుకుని ఎంతో వినయంగా తమిళంలో జవాబు చెప్పారు. ధనభాగ్యమైతే తమిళంలో ఒక పద్యం కూడా అప్పజెప్పి కూర్చుంది. చిన్నమ్మాయి ఒక్కతే తెలుగులో మాట్లాడింది.

అతను చెడ్డవాడేం కాదు. వీళ్ళంతా తమిళ పిల్లలమ్మా అని జాలిగా చెప్పి, వచ్చే నెల మరొక్కసారి వచ్చి చూస్తాను, ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు అన్నాడు.

ఆ సాయంత్రమే నాగకుమారి రంగమ్మాళ్ ఇంటికి వెళ్ళి, గడప బయట నిలబడే కడిగేసింది. పిల్లల చేత అబద్ధం ఎందుకాడించారు, నా పరువెందుకు తీశారు అని నిలదీసింది. ముసలమ్మ చాటలో బియ్యం ఏరడం ఆపలేదు.

"ఏంటికి అరస్తా ఉండావు? బిడ్డలేం తప్పు చేసినారు? వరస లేనోళ్ళ ముందర ఇంటి మాట మాట్లాడకూడదని మేమే నేర్పినాము. అది మర్యాద."

"మరి నేను? నేను తెలుగుదాన్నే కదా అవ్వా."

"నువ్వు మాకేమైతావు?" అని రంగమ్మాళ్ అప్పుడు తలెత్తింది. "ఇన్నాళ్ళుగా వస్తా ఉండావు. లోపలికొచ్చి ఒక గ్లాసు నీళ్ళు తాగినావా? యాడ అంటే తప్పని నా మనవరాలితో చెప్పినావంట. అది మా అమ్మ మాట."

నాగకుమారికి సిగ్గేసింది. ఇంతకాలం వీళ్ళ పిల్లలు కావాలనుకుంది గాని వీళ్ళు కావాలనుకోలేదు. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి కూర్చుంది. రంగమ్మాళ్ పులుసన్నం కలిపి పెట్టి, తినేదాకా ఆగి, నా చిన్నకూతురి కన్నా చిన్నదానివి, ఇకమీదట ధనభాగ్యానికి పిన్నమ్మవి అని తేల్చేసింది.

తక్కిన ఇళ్ళల్లోనూ అదే వరసన కూర్చుని తింది. ఒక ఇంట్లో అత్త అయింది, ఒక ఇంట్లో వదిన అయింది. ఇంట్లో అన్నం ముట్టడం లేదు, ఆకలంతా ఎక్కడ తీర్చుకుంటున్నావని బాపిరాజు ఎగతాళి చేసేవాడు.

నెల తిరిగేసరికి పురుషోత్తమన్ మళ్ళీ వచ్చాడు. పిల్లలకు తోడుగా వచ్చిన రంగమ్మాళ్ బయట ఎక్కడో నీడ చూసుకుని కూర్చుంది. అతను ధనభాగ్యాన్ని లేపి మళ్ళీ అదే ప్రశ్న తెలుగులోనే వేశాడు. పిల్ల మళ్ళీ చేతులు కట్టుకుని తమిళంలోనే బదులు చెప్పింది. అతను కలం మూత తీసి కాగితం మీదికి తల దించాడు.

అప్పుడు ధనభాగ్యం నాగకుమారి వైపు తిరిగింది.

"పిన్నమ్మా, ఈయన మళ్ళా అదే అడగతా ఉండాడు. ఈయన మనకేం వరసా కాదు గదా, ఏం చెప్పేది? అవ్వ యాడ? పిలిచేదా?"

వెనక బెంచీలో ఉన్న పిల్లాడు, అవ్వ చెట్టు కింద ఉంది అత్తా, నేను పోతా అన్నాడు. కాదు నేను పోతానని ఇంకొకడు లేచాడు. అందరూ తెలుగులోనే పోట్లాడుకోసాగారు. ఇన్స్పెక్టరు తలెత్తాడు. కలం అలాగే పట్టుకుని వింటూ ఉండిపోయాడు.

"నువ్వే పో బంగారూ," అంది నాగకుమారి ధనభాగ్యంతో. "యాడుందో చూసి పిలుచుకుని రా."

చిన్నమ్మాయి తల్లి మొహంలోకి వింతగా చూసింది. పురుషోత్తమన్ సంతకం పెట్టాడు.