పోయొస్త అనాలె

గల్ఫ్‌లోని మెసయీద్‌లో స్టోర్ కీపర్‌గా పనిచేసే జియావుద్దీన్ పొద్దుటి టీ తాగే వేళకు, జపాన్‌లో కూతురు సబ్రీన్ మధ్యాహ్నం డ్యూటీకి బయలుదేరుతుంది. వృద్ధాశ్రమంలో నర్సు. గది నుంచి స్టేషన్ దాకా సైకిల్ నడిపించుకుంటూ వీడియో కాల్ చేస్తుంది.

ఆ రోజు అతనికి టీ సహించలేదు. అల్ ముంతజాలో తన ఇంటి దగ్గరే ఒక క్లినిక్‌లో ఆమెకు ఉద్యోగం మాట్లాడి పెట్టాడు. సాయంత్రంలోగా ఔనో కాదో చెప్పాలి. భార్య సుర్రయ్యా పోయాక ఆ ఇంట్లో రెండో గొంతు లేదు. కూతురు వస్తే బాగుండునని మనసులో ఎంత ఉన్నా, రమ్మని నోరు తెరిచి అనలేదు.

"ఏమనుకున్నవ్ బేటా?"

"సమజైతలేదు పప్పా. ఈడ ఎవలతోని ఏం మాట్లాడాలె? పనికి పోవుడు, వచ్చుడు. ఆగు, గేటు పడ్డది."

ఫోన్ అటు తిప్పింది. గంట మోగుతుంటే, ఆ చిన్న స్టేషన్‌లో ఆగని రైలొకటి దూసుకుపోయింది. గేటు లేచింది. కూరగాయల సంచులతో ఆడవాళ్లు పట్టాలు దాటారు. అవతల రెండు ప్లాట్‌ఫారాలు, ఒక బన్నుల దుకాణం, దాని పక్కన మంగలి షాపు. పై అంతస్తుల్లో పిట్టగోడల మీద బొంతలు ఎండుతున్నాయి.

"ఇగో, బొంతలు ఎండేసుడు ఆడ గూడ ఉన్నదా? ఇంకేం, మనోల్లే," అన్నాడు. సబ్రీన్ నవ్వలేదు.

సైకిళ్ల స్టాండులో నీలం టోపీ పెట్టుకున్న ముసలావిడ సైకిళ్లను వరసగా సర్దుతోంది. సబ్రీన్ సైకిల్ తనే అందుకుని నీడలో పెట్టి, ఏదో అంది. సబ్రీన్ తల వంచి ముందుకు నడిచింది.

"ఏమన్నది ఆమె?"

"రోజూ అంటది. ఇత్తెరష్షాయ్ అని. పోయి మల్ల రా అన్నట్టు. అసలైతే ఇంట్లోల్లకు అంటరట. వాన పడ్డనాడు నా సీటు గూడ తుడిచి పెడ్తది."

"మరి నువ్వేమంటవ్?"

"ఏమంట? తలకాయ ఊపుత."

జియావుద్దీన్ కప్పు కింద పెట్టాడు. వాళ్లింట్లో ఎవరూ 'పోతున్న' అని గడప దాటలేదు. నిర్మల్‌లో ఉన్నప్పుడు సుర్రయ్యా, వీధి మలుపు దాకా పోయినవాళ్లను కూడా వెనక్కి పిలిచి 'పోయొస్త' అనిపించేది.

"జవాబియ్యకుంట పోతరా? మీ అమ్మీ ఉంటె ఊకునేదా? పోయొస్త అని వాల్ల మాటల ఏమంటరు?"

"ఇత్తెకిమస్."

"పోయి చెప్పు."

"ఇప్పుడా? రైలొస్తది పప్పా."

"అదొక్కటేనా రైలు?"

ఫోన్‌లో ఆకాశం, కరెంటు తీగలు ఊగాయి. మళ్లీ నీలం టోపీ. సబ్రీన్ గొంతు సన్నగా వినిపించింది. ముసలావిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. సబ్రీన్ మళ్లీ అంది, ఈసారి కాస్త గట్టిగా. ముసలావిడ ముఖమంతా ముడతలుపడేలా నవ్వి, తన మాట తను మరోసారి చెప్పి, చెయ్యి ఊపింది.

సబ్రీన్ స్టేషన్ మెట్లెక్కుతోంది.

"పప్పా, పోయొస్త అన్న గదా. అన్నంక మల్ల రావాలె గదా."

ఆమె చేత ఆ మాట అనిపించింది తనే.

"రావాలె మరి. రాకుంటె ముసలామె ఎదురు చూడదా?"

"మరి క్లినిక్?"

"నేను మాట్లాడ్త. నువ్వు ఫోన్ పెట్టు, మీ రైల్ల మాట్లాడనియ్యరు గదా."

తర్వాత క్లినిక్ మేనేజర్‌కు ఫోన్ చేసి, ఆ ఉద్యోగానికి వేరేవాళ్లను చూసుకోమన్నాడు. జీతం నచ్చలేదా అని అడిగాడాయన.

"అట్ల కాదు సార్," అన్నాడు జియావుద్దీన్. "మా బిడ్డ ఆడ ఒకామెకు మాటిచ్చింది."