పెరటి తలుపు వైపు రండి

మోల్డే అనే ఊరి రేవు పక్కన ఒడ్వార్‌కు ఒక చిన్న రవాణా సంస్థ ఉంది. ఒంటరిగా బతికే వృద్ధుల ఇళ్ళకు వారం వారం మందుల పొట్లాలు చేర్చడం దాని ముఖ్యమైన పని. ఏ వ్యాను ఏ ఇంటికి ఏ వరసలో వెళ్ళాలో చెప్పే సాఫ్ట్‌వేర్ వేరే కంపెనీది, అద్దెకు తీసుకున్నది. దానితో సంబంధం ఉన్న పనులకు ప్రోగ్రాములు రాయడానికి సంస్థలో ఉన్నది సిన్నోవ ఒక్కతే.

మార్చిలో ఒక సోమవారం ఆమె వచ్చేసరికి ఒడ్వార్ గొంతు మెట్ల దాకా వినిపిస్తోంది.

"తలుపు కొట్టావా, లేక వ్యాన్‌లోంచే హారన్ మోగించి వచ్చేశావా?"

ఎదురుగా మలేనె నిలబడి ఉంది. నడుం పట్టేసి మంచం మీదున్న పాత డ్రైవర్ యోస్టెయిన్ బదులు కొత్తగా చేరిన అమ్మాయి. తడిసిన టోపీని రెండు చేతులతో నలుపుతోంది.

"బెల్లు కొట్టాను. తలుపు బాదాను. ఫోన్ చేశాను. ఎవరూ పలకలేదు. ఇంట్లో లేరని గుర్తు పెట్టి పొట్లం వెనక్కి తెచ్చాను. అలాగే చెయ్యమని నువ్వే చెప్పావుగా."

"ఆవిడకి చెవుడు! పెరటి తలుపు వైపు వెళ్ళి కిటికీలోంచి చెయ్యి ఊపాలని ఆవిడ వివరాల్లో రాసే ఉంది. చదవడం రాదా?"

"అక్కడేమీ రాసి లేదు."

"ఇన్నేళ్ళుగా ఉన్న మాట నీ ఒక్కదానికే మాయమైందా?"

సిన్నోవ కోటు విప్పకుండానే ఏం జరిగిందని అడిగింది. ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయను పడవలో దాటి వెళ్తే టోర్డిస్ అనే ముసలావిడ ఇల్లుంది. గుండె బలహీనం, ఒంట్లో నీరు పట్టకుండా రోజూ మాత్రలు పడాలి. శుక్రవారం మందులు అందలేదు. ఈ పొద్దున పక్కింటాయన వెళ్ళి చూస్తే వంటింటి కుర్చీలో ఊపిరాడక కూలబడి ఉందట. కాళ్ళు దుంగల్లా వాచిపోయాయట. అంబులెన్సులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బతుకుతుందో లేదో చెప్పలేకపోతున్నారు.

సిన్నోవ తన బల్ల దగ్గర కూర్చుని టోర్డిస్ వివరాలు తెరిచింది. పేరు ఉంది, చిరునామా ఉంది, ఫోన్ నంబరు ఉంది. డ్రైవర్లకు సూచనలు అన్న చోట ఖాళీ. తర్వాతి ఇల్లు తెరిచింది. ఖాళీ. దాని తర్వాతదీ అంతే.

గురువారం తాను చేసిన పని గుర్తొచ్చింది. మందులు బయలుదేరే ముందు ఇళ్ళకు సందేశం వెళ్ళాలంటే అన్ని ఫోన్ నంబర్ల ముందూ దేశం కోడ్ చేర్చాలి. ఒక్కొక్కటీ చేత్తో మార్చడం ఎవరివల్ల అవుతుంది? ఇళ్ళ వివరాలన్నీ ఉండే ఆ అద్దె కంపెనీ సర్వర్‌తో మాట్లాడడానికి ఎవరో రాసి నెట్‌లో అందరికీ పెట్టిన లైబ్రరీ, అంటే సిద్ధంగా రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్ట, ఒకటి దొరికింది. అందులో 'అప్‌డేట్' అనే ఆదేశం ఉంది. కొత్త నంబరు ఇస్తే అది ఆ ఒక్కటే మారుస్తుందనుకుంది. కానీ ఆ లైబ్రరీ మనిషి వివరాలు మొత్తం తిరిగి పంపుతుంది. పేరూ చిరునామా ఇవ్వకపోతే ఒప్పుకోదు కనుక అవి ఇచ్చింది, సూచనలు ఇవ్వలేదు. ఇవ్వనిదాన్ని అది ఖాళీగా పంపింది, సర్వర్ ఉన్నదాన్ని తుడిచి ఆ ఖాళీని పెట్టుకుంది. ముందుగా ఒక ఉత్తుత్తి పేరు మీద నడిపి చూసింది కూడా. ఆ ఉత్తుత్తి మనిషికి సూచనలే లేవు. అంతా సవ్యంగా కనిపించింది.

అద్దె కంపెనీకి ఫోన్ చేసింది. పాత మాటల కాపీలేవీ తమ దగ్గర ఉండవని వాళ్ళు మర్యాదగానే చెప్పారు.

ఒడ్వార్ పనిలోంచి తీసేసిన మలేనె గాజు తలుపు అవతల తన అలమర ఖాళీ చేస్తోంది. ఈ గదిలో ఆ తెర మీది సంగతి చదవగలిగేది తనొక్కతే. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి సిన్నోవకు తన మీద తనకే భయమేసింది. లేచి ఒడ్వార్ గదిలోకి వెళ్ళింది.

"ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. సూచనలన్నీ నా ప్రోగ్రామే తుడిచేసింది. ఆవిడవే కాదు, అందరివీ."

ఒడ్వార్ రేవు వైపు తిరిగాడు. "మునిసిపాలిటీతో ఒప్పందం ఈ వసంతంలోనే మళ్ళీ రాసుకోవాలి. ఇది మనిద్దరి మధ్యే ఉండనీ. నువ్వు ముందు సరిచెయ్యి."

"మలేనె సంగతి?"

"కుర్రది. ఇంకో పని దొరుకుతుంది."

"ఒడ్వార్, మధ్యాహ్నం లోపల నువ్వు మునిసిపాలిటీ వాళ్ళకి చెప్పు. చెప్పకపోతే నేను చెప్తాను."

"నా నెత్తిన రాయి వేస్తున్నావు, తెలుసా?"

"తెలుసు."

అతను తిట్టుకుంటూనే ఫోన్ అందుకున్నాడు.

ఆ వారమంతా సిన్నోవ చేసింది ఒకటే పని. ఇంటింటికీ ఫోన్ చేసి, మీ తలుపు దగ్గరికి ఎలా రావాలి అని అడిగింది. ఒకాయన, తాను మంచం దిగి వచ్చేదాకా ఓపిక పట్టమన్నాడు. ఒకావిడ, వాకిట్లో మనిషి అలికిడైతే భర్త బెదిరిపోతాడని, తలుపు కొట్టకుండా తన పేరు మెల్లగా పిలవమంది. ఇంకొకాయన కాసేపు గొణిగి, "ఇల్లు శుభ్రంగా ఉండదమ్మా. లోపలికి రాకుండా మెట్టు మీద పెట్టి పొమ్మను. యోస్టెయిన్‌కి తెలుసు, అతనెప్పుడూ అడగలేదు," అన్నాడు. ఫోన్ ఎత్తనివాళ్ళ ఇళ్ళకు మునిసిపాలిటీ నర్సులు వెళ్ళివచ్చారు. లైబ్రరీ రాసిన మనిషికి కూడా జరిగినదంతా ఉత్తరం రాసింది. క్షమించమని, ఇకనుంచి ఇవ్వని వివరాన్ని ముట్టుకోకుండా మారుస్తానని అతను జవాబిచ్చాడు. అది చదివినా ఆమె మనసు కుదుటపడలేదు.

టోర్డిస్ బతికింది. శనివారం సిన్నోవ ఆసుపత్రికి వెళ్ళింది. ముసలావిడ దిండుకు ఆనుకుని, ముక్కుకు గొట్టంతో, పెదవుల కదలికనుబట్టి మాటలు పట్టుకుంటోంది. సిన్నోవ మెల్లగా, నోరు బాగా తెరుస్తూ, తప్పు తనదని చెప్పింది. ప్రోగ్రామూ సర్వరూ ఆవిడకు ఎక్కలేదు. మందులు తెచ్చిన అమ్మాయి అన్న మాట దగ్గర మాత్రం ఆగింది.

"అయితే ఆ పిల్ల వచ్చిందా?"

"వచ్చిందండీ. బెల్లు కొట్టింది. తలుపు బాదింది. మీకు వినిపించలేదు."

"నేను వంటింట్లోనే ఉన్నానే." టోర్డిస్ కళ్ళు చెమర్చాయి. "శనివారమంతా, ఆదివారమంతా అదే అనుకున్నాను తల్లీ, నేనొకదాన్ని ఉన్నానని అందరూ మర్చిపోయారని. ఊపిరాడకపోవడం కంటే అదే ఎక్కువ బాధపెట్టింది."

వెళ్ళేముందు సిన్నోవ, ఇంటికి ఎప్పుడు పంపుతారని అడిగింది. పంపరట. కూతురు, డాక్టరు కలిసి వృద్ధుల కేంద్రంలో గది చూశారట.

"ఇల్లు అలాగే ఉంటుందిలే, నేనే ఉండను," అని టోర్డిస్ కిటికీ వైపు తిరిగింది.

తిరిగి వస్తూ సిన్నోవ మలేనె అద్దెకుంటున్న గదికి వెళ్ళింది. మలేనె తలుపు సగమే తీసింది.

"ఒడ్వార్ ఫోన్ చేశాడు. పనిలోకి రమ్మన్నాడు. రాను."

"నా వల్లే..."

"అదీ చెప్పాడు. నిజం చెప్పావట, మంచిదానివట. సోమవారం పొద్దున్నుంచి ఏమనుకున్నానో తెలుసా? నేనొక మనిషిని చంపేశానని. తర్వాత నిజం తెలిసింది, కానీ అది లోపలినుంచి పోవడం లేదు. ఏ ఇంటి బెల్లు చూసినా చెయ్యి వెనక్కి వస్తోంది."

"టోర్డిస్ నీ గురించే అడిగింది. నువ్వు వచ్చావని చెప్తే ఏడ్చింది. ఎవరూ రాలేదనుకుందట."

మలేనె తలుపు ఇంకాస్త తీసింది. "ఏ వార్డు?" అంది.

సిన్నోవ చెప్పింది. మలేనె తల ఊపి తలుపు మూసింది. సిన్నోవ మెట్లు దిగి వర్షంలోకి నడిచింది.